ముప్పై ఆరు ఆకుపచ్చ టిక్కులు

గురుగ్రామ్‌లో ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటాను. వివరంగా చెప్పాలంటే చాలాసేపు మాట్లాడాలి, అది నా వల్ల కాదు. మా ఆఫీసు ఒక వెబ్‌సైటు నడుపుతుంది. చూపు ఆనని పిల్లలు, వినపడని పిల్లలు, అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లలు, ఏది నేర్చుకోవాలన్నా తోటివాళ్లకంటే ఎక్కువ కాలం పట్టే పిల్లలు, వీళ్లందరికీ అందులో పాఠాలుంటాయి. ఎవరైనా తెరుచుకోవచ్చు, అన్నీ ఉచితం. చాలావరకు వేరే దేశాల్లో ఎవరో తయారుచేసి అందరి కోసం వదిలేసినవే. మేం వాటికి హిందీ చేర్చి, అందులోని పిల్లల పేర్లు మార్చి పెడతాం. ప్రతి బొమ్మకూ, చూడలేని పిల్లలకు వినిపించేలా ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యాలు రాయడం నా ఉద్యోగం. ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి గొడుగు పట్టుకుని నిలబడింది. తాత కుర్చీలో కూర్చుని ఆపిల్ పండు కోస్తున్నాడు. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి హిందీలో, రోజుకు అరవై డెబ్బై బొమ్మలు. సాయంత్రం ఆఫీసు క్యాబ్ కిటికీలోంచి కనిపించే మనుషుల మీద కూడా మనసులో వాక్యాలు రాస్తూనే ఉంటాను. ఆపాలన్నా ఆగవు.

రెండేళ్లు రాశాను. ఆ పాఠాల ముందు కూర్చున్న పిల్లల్లో ఒక్కరినైనా చూడలేదు. చూడాలని అడిగిన గుర్తు కూడా లేదు.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో నాకొక గది ఉంది. మూడో అంతస్తు, కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ. చుట్టూ అందరూ పోటీ పరీక్షలకు చదివేవాళ్లే. నేనూ అందుకే వచ్చాను. రెండుసార్లు రాసి, మూడోసారి రాయకుండా ఉద్యోగంలో చేరి, గది మాత్రం మార్చకుండా ఉండిపోయాను. ఇక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరు, అది నాకు సుఖంగా ఉంటుంది. వంటకు ఓపిక ఉన్న రోజు అన్నం వండుకుంటాను, లేని రోజు బన్ను తిని పుస్తకం పట్టుకుంటాను. డైరీ తెలుగులో రాస్తాను. టేబుల్ మీద తెరిచి పెట్టినా ఇక్కడ చదివేవాళ్లు లేరు.

ఆదివారం మాత్రం తెలుగువాళ్ల ఆరాధనకు వెళ్తాను. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని జరుపుతారు. వచ్చేవాళ్లలో సగం మంది నర్సులు, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో స్థిరపడినవాళ్లు. నేను చివరి వరసలో కూర్చుని, ఆఖరి ప్రార్థన అయ్యీ అవకముందే చెప్పులు వేసుకుని బయటపడతాను. ఒక ఆదివారం చెప్పుల దగ్గరే ఒక ఆంటీ నన్ను పట్టుకుంది.

భీమవరం వైపు మనిషి. పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ఇరవై ఏళ్ల సర్వీసు. నేను పిల్లల చదువుల వెబ్‌సైటులో చేస్తానని ఎవరి దగ్గరో విన్నదట. ఆవిడకి ఒక్కతే కూతురు. పదకొండేళ్లు, నాలుగో తరగతి. డాక్టర్లు ఇచ్చిన కాగితంలో మేధో వైకల్యం, స్వల్పం అని ఉందని, ఆ మాట మెల్లగా, చుట్టూ ఒకసారి చూసి చెప్పింది. అసలు సంగతి తర్వాత చెప్పింది. స్కూల్లో రిసోర్స్ రూమ్ అని ఒక గది ఉంది. ఇలాంటి పిల్లలను రోజూ ఒక గంట అక్కడికి తీసుకెళ్తారు. దానికోసమే శిక్షణ పొందిన టీచరు నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని వాళ్ల నడకకు తగ్గట్టు చెబుతుంది. ఆ గంట ఉంది కాబట్టే పాప నాలుగో తరగతిలో నిలబడింది. ఆ గంట పోతే మిగతా క్లాసులో ఒక మూల కూర్చుని ఉంటుంది, ఇంకో ఏడాదికి స్కూలు వాళ్లే వేరే చోటు చూసుకోమంటారు. గదిలో చోటు తక్కువ, ఎదురుచూసే పిల్లలు ఎక్కువ. అందుకని ప్రతి టర్మ్‌లోనూ ఎవరిని ఉంచాలో చూస్తారు. ఇంట్లో కూడా పిల్లతో శ్రద్ధగా చేయిస్తున్నట్టు రుజువు కావాలన్నారు. ఆన్‌లైన్ పాఠాలు చేయిస్తే ఆ రిపోర్టు ప్రింటు తీసి ఫైలులో పెట్టమన్నారు.

"నాకు ఆ గంట పోకూడదమ్మా. నువ్వు కొంచెం చూడు," అంది ఆంటీ.

కాదనడానికి కూడా మాటలు కావాలి. నా దగ్గర అప్పుడు లేవు. సరేనన్నాను.

శనివారాలు వాళ్లింటికి వెళ్లడం అలా మొదలైంది. ఆసుపత్రి వెనక స్టాఫ్ క్వార్టర్సులో రెండు గదులు. అంకుల్ వేరే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, ఆయన డ్యూటీ, ఆవిడ డ్యూటీ ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటాయి. మొదటి రోజు ఆంటీ ఫోన్‌లో అకౌంటు తెరిచాను. తల్లిదండ్రుల పేరు అడుగుతుంది కాబట్టి ఆంటీ పేరే ఇచ్చాను. పాప స్థాయికి తగ్గ పాఠాలు ముప్పై ఆరు ఎంచి వరసగా పెట్టాను. చేయని పాఠం పక్కన పెండింగ్ అని ఎర్రగా ఉంటుంది, పూర్తి చేసి చివరి ప్రశ్నలకు జవాబులిస్తే ఆకుపచ్చ టిక్కు పడుతుంది. అది చూపిస్తుంటే ఆంటీ మధ్యలోనే తల ఊపింది. ఇలాంటివి తమ ఆసుపత్రిలోనూ ఉన్నాయని, తనకి తెలుసని, ఫోన్ సంగతి తనకి వదిలేయమని అంది. నాకు తేలికైపోయింది. శనివారం నేను నా లాప్‌టాప్ మీద, ఆఫీసు లాగిన్‌తో పాపకి కొత్త పాఠం చెప్పడం, మిగతా రోజుల్లో పాప ఆంటీ ఫోన్‌లో దాన్ని మళ్లీ చేయడం. నేను అనుకున్న ఏర్పాటు ఇది. అనుకున్నానే గాని ఆ మాట పూర్తిగా పైకి చెప్పలేదు.

పాప నన్ను దీదీ అనేది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. కూర్చున్న పది నిమిషాలకే లేచి బాల్కనీలోకి వెళ్లి కిందకి చూసి వచ్చేది. అలా వెళ్లి రావడం ఆపితే ఇంకేమీ వినదని రెండో వారానికి తెలిసింది, వదిలేశాను. పెద్ద పాప, నా భుజం దాకా వస్తుంది. అయినా మాట్లాడుతున్నంతసేపూ నా దుపట్టా అంచు పట్టుకునే ఉండేది.

మా పాఠాలను నేను మొదటిసారి ఆ గదిలో చూశాను. అంటే, చదివే పిల్ల పక్కన కూర్చుని చూశాను. చలికాలంలో ఏం చేస్తాం అని ఒక ప్రశ్న. మంచుతో మనిషిని చేసే బొమ్మ, ఈత కొట్టే బొమ్మ, పూలు కోసే బొమ్మ. పాప మూడింటినీ చూసి ఏదీ ముట్టుకోలేదు. "ఖాఁసీ ఆతీ హై. స్కూల్ బంద్," అంది. దగ్గొస్తుంది, బడి మూసేస్తారు. పొగ పీల్చే ఢిల్లీ పిల్ల చలికాలం గురించి చెప్పగలిగిన సరైన జవాబు అదే. దానికి బొమ్మ లేదు. నేనే మంచుమనిషి మీద ఆమె వేలు పెట్టించాను. బాగా చేశావు అని కంప్యూటరు చప్పట్లు కొట్టింది. ఇంకొకటి రోడ్డు దాటే పాఠం. తెల్లచారల మీద కాలు పెట్టగానే కారు ఆగుతుంది. పాప నవ్వు మొదలుపెడితే ఆగలేదు. కారు ఆగింది, అమ్మాయి రోడ్డు దాటుతోంది అని ఆ బొమ్మకి వాక్యం రాసింది నేనే. ఆ సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర పది నిమిషాలు నిలబడి, ఎవరో నలుగురు కలిసి చెయ్యెత్తి దిగితే వాళ్ల వెనక పరుగెత్తి దాటాను.

పాప నేర్చుకోలేదని కాదు. నేర్చుకునేది. ఒక శనివారం వచ్చినది తర్వాతి శనివారానికి సగం పోయేది, మిగిలిన సగం మీద మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. నాకు ఓపిక ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు. వారమంతా పనిచేసి, ఆ ఒక్క శనివారం కూడా పొద్దున్నే లేచి రెండు బస్సులు మారి వెళ్తుంటే ఎందుకు ఒప్పుకున్నానా అని చాలాసార్లు విసుక్కున్నాను. డైరీలో ఆ వారాల్లో పెద్దగా ఏమీ లేదు. అలసటగా ఉంది, అలసటగా ఉంది అని మూడుచోట్ల ఉంది.

అయితే రిపోర్టు పెరుగుతూ వచ్చింది. నాలుగు వారాలకు సగం పైన ఆకుపచ్చ. ఎనిమిదో వారానికి ముప్పై ఆరూ ఆకుపచ్చ. ప్రశ్నలకు జవాబులు కూడా దాదాపు అన్నీ సరైనవే. ఆ వారం డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరి కోసమో తెలియకుండా రాసిన వాక్యాలు ఒక పిల్లకి చేరాయి అని. ఇప్పుడు ఆ పేజీ తిప్పేస్తాను.

అప్పుడే నాకు తెలియాల్సింది. వారాల పేర్ల పాఠం టిక్కు పడి పది రోజులయ్యాక, మంగళవారం తర్వాత ఏం వస్తుందని పాపని అడిగాను. ఆదివారం అంది. ఎందుకంటే చర్చికి వెళ్లాలట. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నా ముందు బెదురుతుందేమో, తల్లి దగ్గర బాగా చెబుతుందేమో అనుకున్నాను. నా కళ్లముందున్న పిల్లకంటే తెరమీది టిక్కు నమ్మడం తేలిక. టిక్కుకి నేను ఏమీ చెప్పనక్కర్లేదు.

ఆఫీసులో కలర్ ప్రింటు తీసి ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి ఇచ్చాను. వెబ్‌సైటు తరఫు మనిషివి కదా, కింద నువ్వు కూడా ఒక సంతకం పెడితే బరువుగా ఉంటుందని ఆంటీ అంది. పాఠాలన్నీ విద్యార్థిని పూర్తి చేసిందని ఇంగ్లీషులో ఒక లైను రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత ఆదివారం, సాక్ష్యాలు చెప్పేవాళ్లు ముందుకు రావచ్చని పాస్టరు గారు అనగానే ఆంటీ లేచింది. మా ఆరాధనలో అది మామూలే. ఆ వారం తమకు జరిగిన మేలు ఏదైనా ఉంటే అందరి ముందు నిలబడి చెబుతారు. ఆంటీ డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల యూనిఫాం మీద శాలువా కప్పుకుంది. పాప ఎన్నేళ్లకి మాట్లాడిందో, ఎన్ని ఆసుపత్రులు తిరిగారో చెప్పింది. ఆ తర్వాత స్కూలు నుంచి ఉత్తరం వచ్చిందని, పాప క్లాసు స్థాయికి వచ్చేసిందని రాశారని, కొత్త టర్మ్ నుంచి రిసోర్స్ రూమ్ కూడా అక్కర్లేదన్నారని చెప్పి ఏడ్చింది. హాలంతా స్తోత్రం చెప్పింది. ఆ వెనక కూర్చున్న అమ్మాయిని దేవుడు మాకోసం పంపాడు అని ఆంటీ చెయ్యి చూపిస్తే అందరూ తిరిగి నా వైపు చూశారు.

నేను తల దించుకున్నాను. సిగ్గుతో అనుకుని ఉంటారు. రిసోర్స్ రూమ్ అక్కర్లేదంటే, ఏ గంట పోకూడదని నన్ను పిలిచిందో ఆ గంటే పోయింది. ఆవిడకి అది పాసైనట్టు కనిపిస్తోంది.

శనివారం వెళ్లేసరికి ఆంటీ వంటింట్లో ఉంది. పాప చేతికి ఆంటీ ఫోన్ ఇచ్చి, మన పాఠం తెరువు అన్నాను. పాప ఫోన్ తీసుకోలేదు.

"యే తో మమ్మీ కా హై, దీదీ," అంది. ఇది మమ్మీది. తనని ముట్టుకోనివ్వదట. మమ్మీ టీ తాగుతూ ఆడుకుంటుందట.

వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఫోన్‌లో పాఠాలు ఎవరు చేశారని ఆంటీని అడిగాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే, నేనే చేశానమ్మా, ఇంకెవరు చేస్తారు అంది. దాచాలన్న ఆలోచన కూడా ఆ గొంతులో లేదు.

"పెండింగ్ అని ఎర్రగా చూపిస్తుంటే ఎలా వదిలేస్తాం? మా వార్డులో అంతే. ఫైర్ సేఫ్టీ అనీ, చేతులు కడుక్కోవడం అనీ నెలకో ట్రైనింగ్ పెడతారు కంప్యూటర్లో. పేషెంట్లని చూస్తామా, అవి చూస్తామా? ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు అందరివీ చేసేస్తాం. మొన్న సెలవులో ఉన్న ముగ్గురివి నేనే చేశాను."

"మరి పాప?"

"పాపకి నువ్వు చెప్తున్నావు కదా శనివారం. చదువు నీది, రిపోర్టు నాది అనుకున్నాను."

పొయ్యి మీద పప్పు పొంగుతోంది. ఆవిడ మంట తగ్గించింది. నేను గుమ్మం పట్టుకుని, నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను. ఆ టిక్కులు చూసి, పాపకి అన్నీ వచ్చేశాయని స్కూలు అనుకుంది. అన్నీ వచ్చిన పిల్లకి ఆ గది ఎందుకని తీసేసింది. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు. ఆంటీ గరిటె పక్కన పెట్టింది.

"అంటే జ్వరం లేదని చార్టులో రాసేసి మందు ఆపించానా నేను?"

అవునన్నట్టు తల ఊపాను.

"నువ్వు చూసుకోలేదామ్మా? సంతకం పెట్టావు కదా."

కోపంగా అనలేదు. ఒక నర్సు ఇంకో నర్సుని అడిగినట్టు అడిగింది. చూసుకోలేదు ఆంటీ అన్నాను. ఆవిడ బయటికొచ్చి మంచం మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్లలో ఒక్క బీపీ కూడా చూడకుండా రాయలేదని, కావాలంటే ఎవరినైనా అడగమని అంది. నన్ను కాదు, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ అంది. సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పేశాను అని ఇంకో మాట అంది.

పాప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి అడిగింది. "మమ్మీ ఫెయిల్ హో గయీ క్యా?"

"లేదు నాన్నా. మమ్మీ పాసయింది," అంది ఆంటీ. "అదే వచ్చిన తంటా."

సోమవారం ఆఫీసులో మా టీమ్ లీడర్‌ని అడిగాను. ఒక అకౌంటులో తప్పుగా పడ్డ టిక్కులు తీసేయవచ్చా అని. ఆయనతో నేను అంతకుముందు పని మాటలు తప్ప మాట్లాడలేదు. తీయడానికి వీలు లేదన్నారు. నెలకు ఎన్ని పాఠాలు పూర్తయ్యాయన్న సంఖ్య పైకి వెళ్తుంది, పెరగాలే గాని తగ్గకూడదు. పాఠం చేసింది పిల్లా, పెద్దా అని తెలుసుకునే దారి ఏమైనా ఉందా అని అడిగాను. మంచి పాయింట్, మెయిల్ పెట్టండి అన్నారు. పెట్టాను. ఆ మెయిల్ ఇంకా పంపినవాటిలోనే ఉంది, జవాబు రాలేదు.

బుధవారం సెలవు పెట్టి ఆంటీతో స్కూలుకు వెళ్లాను. చెప్పాల్సిందంతా ముందురోజే హిందీలో రాసుకుని బస్సులో రెండుసార్లు చదువుకున్నాను. కోఆర్డినేటర్ మేడమ్ గదిలో టేబుల్ నిండా ఫైళ్లు. ఆవిడ మొహం కూడా నా మొహంలాగే ఉంది, నిద్ర సరిపోనట్టు. రాసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పాప ఫైలు తెరిచి ప్రింటు చూపించి, ఈ సంతకం నాది, ఇది నిజం కాదు అన్నాను. మిగతాది ఆంటీ చెప్పింది. తప్పు తనదేనని, ఆ అమ్మాయిని ఏమీ అనవద్దని చెప్పింది.

మేడమ్ కోప్పడితే బాగుండేది. ఆవిడ నీరసంగా పక్కనున్న ఫైళ్ల దొంతర వైపు చెయ్యి చూపించింది. వీటన్నిటిలో ఇలాంటి ప్రింట్లే ఉన్నాయి, అన్నీ ఆకుపచ్చే, ఇప్పుడు నేను ఏది నమ్మాలి అని అడిగింది. మొన్న వచ్చిందని కాగితం తెచ్చారు, ఇవాళ రాలేదని చెబుతున్నారు, రేపు ఇంకెవరైనా వచ్చి ఇలాగే అడిగితే ఏం చేయాలి అంది. ఆవిడ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, కొత్త టర్మ్ లిస్టు మీద ప్రిన్సిపల్ సంతకం ఇంకా కాలేదని, ఇప్పుడే ఇక్కడే పిల్లని చూద్దామని రిసోర్స్ టీచర్‌ని పిలిపించింది. ఇరవై ప్రశ్నలు. కాగితం, పెన్సిలు, అట్టతో చేసిన గడియారం. మేం ఇద్దరం వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, మాట్లాడకూడదు, సైగ చేయకూడదు.

పాపని క్లాసులోంచి తీసుకొచ్చారు. తల్లిని చూడగానే సంబరపడిపోయింది. మొదటి ప్రశ్న, పేరు రాయమన్నారు. నాలుక కొంచెం బయటపెట్టి, పెన్సిలు గట్టిగా నొక్కి, తప్పు లేకుండా రాసింది. ఆంటీ నా మణికట్టు పట్టుకుంది.

ఆ అరగంట నేను ఎప్పటికీ మర్చిపోలేను. అలాంటి పరీక్ష నేను రాసిన ఏ పరీక్ష హాల్లోనూ చూడలేదు. కూతురికి రాకూడదని ఒక తల్లి కోరుకోవాల్సి వచ్చింది. పాప ప్రతి జవాబు తర్వాత వెనక్కి తిరిగి, సరిగ్గా చెప్పానా అన్నట్టు చూసేది. తప్పు చెప్పినప్పుడు ఆంటీ నవ్వేది. ఒప్పు చెప్పినప్పుడు కూడా నవ్వేది, కానీ నా మణికట్టు మీద వేళ్లు బిగుసుకునేవి. గడియారంలో ఎనిమిది పెట్టి ఎంతయిందని టీచరు అడిగితే, మమ్మీ డ్యూటీకి వెళ్లే టైం అంది పాప. టీచరు ఒక్క క్షణం ఆలోచించి రైటు పెట్టింది. తొమ్మిది పెడితే చూసి చూసి, మమ్మీ వెళ్లిపోయింది అంది. దానికి పెట్టలేదు. వారాల పేర్లు నాలుగు చెప్పి ఆగింది. పదిహేను తర్వాత పదిహేడు. ఏనుగు, చీమల్లో పెద్దది ఏదంటే టీచరుని జాలిగా చూసి ఏనుగు చూపించింది. అన్నం తినకముందు ఏం చేస్తావంటే, ప్రార్థన అంది. చేతులు కడుక్కోవడం అని కాగితంలో ఉందట. టీచరు మేడమ్ వైపు చూసింది. మేడమ్ రైటు పెట్టమంది.

ఇరవైకి ఏడు వచ్చాయి.

మేడమ్ ప్రింటు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఏడు వేసి తన సంతకం పెట్టింది. నా సంతకం గీత కిందే ఉండిపోయింది. ఆ చోటు వస్తుందని ఇంకొక పిల్ల తల్లిదండ్రులకు అప్పటికే చెప్పేశారట. వాళ్లని ఇప్పుడు రావద్దనలేరు. అందుకని ఆ గంట ఇద్దరికీ పంచుతామంది. ఈ పాపకి వారంలో మూడు రోజులు, ఆ పిల్లకి రెండు రోజులు. అంతకంటే తన చేతిలో లేదంది. రోజూ వస్తుందనుకున్న ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరు ఏ ఫైలు తయారుచేసుకున్నారో తెలియదు. వాళ్ల మూడు రోజులు మేం పట్టుకుపోయాం. ఆ సంగతి ఆంటీకి కూడా తట్టి ఉంటుంది, థాంక్స్ చెప్పబోయి ఆగిపోయింది.

పాప మళ్లీ క్లాసుకి వెళ్లిపోయింది, వెళ్తూ టీచరు చెయ్యి పట్టుకుని వెళ్లింది. మేం బయటికొచ్చి బస్ స్టాపులో నిలబడ్డాం. ఆంటీకి రెండింటికి డ్యూటీ. ఎండ ఎక్కువగా లేదు, అయినా ఇద్దరం బాగా నడిచి వచ్చినవాళ్లలా ఉన్నాం.

"ఏడన్నారు కదా," అంది ఆంటీ.

"ఏడు, ఆంటీ."

"అన్నీ దానంతట అదే చెప్పింది."

"దానంతట అదే."

ఆంటీ బ్యాగు భుజానికి ఎగదోసుకుని వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. పేరు రాసింది. ఎనిమిదింటికి గడియారం. ఏనుగు. ప్రార్థన. ఎర్ర రంగు చూపించింది. అక్కడ ఆగింది. ఇంకో చెయ్యి తెరిచి పట్టుకుంది.

"మిగతా రెండూ ఏంటమ్మా? భయంతో నాకు ఏమీ ఎక్కలేదు."

పది దాకా తప్పులేకుండా లెక్కపెట్టింది ఆంటీ, అన్నాను. ఇంటి నంబరు అడిగితే చెప్పింది.

"ఇంటి నంబరు చెప్పిందా?"

"చెప్పింది. బ్లాకుతో సహా."

అది తనకి ఎవరు నేర్పారని ఆంటీ అడిగింది. నేను నేర్పలేదు. మా ముప్పై ఆరు పాఠాల్లో అది లేదు. తనూ నేర్పలేదట. బస్సు వచ్చేదాకా ఇద్దరం అదే ఆలోచిస్తూ నిలబడ్డాం.